టీచరు సెలవు పెడితే బడి ఎవరు నడపాలి? ప్రాథమిక పాఠశాలల్లో ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుల కొరత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు, పిల్లల తల్లిదండ్రుల నుంచి పదేపదే వచ్చే ప్రశ్నలివి.

పోస్టులు ఖాళీగా ఉండటమూ, బదులు టీచరు దొరకకపోవడమూ ఒకటేనా?

కాదు. పోస్టు ఖాళీగా ఉంటే అది లెక్కల్లో కనపడుతుంది, డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) వేస్తే నిండుతుంది. బదులు టీచరు సంగతి వేరు. బడిలో పోస్టులన్నీ నిండి ఉంటాయి, కాగితం మీద లోటేమీ ఉండదు. కానీ టీచరుకు జ్వరం వచ్చినా, ప్రసూతి సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా ఆ తరగతిలో నిలబడటానికి మనిషి ఉండరు. అలా నిలబడటం కోసమే జీతమిచ్చి పెట్టుకున్న పోస్టు చాలా మండలాల్లో ఒక్కటీ లేదు. కాబట్టి ప్రతి సెలవునూ పక్క బడి నుంచి ఒకరిని తెచ్చి సర్దుతారు. ఒక గొయ్యి పూడ్చడానికి పక్కన ఇంకో గొయ్యి తవ్వడమే ఇది. కొరతంతా ఇక్కడే ఉంది.

పెద్ద బళ్లలో అంతగా కనపడదు కదా? ఎక్కడ ఎక్కువ ఇబ్బంది?

ఒక్క టీచరే ఉన్న బళ్లలో, ఇద్దరున్న బళ్లలో. 2024-25 యూడైస్ ప్లస్ (బళ్ల మీద కేంద్రం ఏటా సేకరించే సమాచారం) లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. వాటిలో చదివే పిల్లలు 33.76 లక్షల పైచిలుకు. రాష్ట్రాలవారీగా చూస్తే ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం: 12,912 బళ్లు. ఈ బళ్లలో టీచరు సెలవంటే బడికే సెలవు.

ఇద్దరున్న బడి పరిస్థితి చూడండి. ఏడాదికి ఒక్కొక్కరికి 15 క్యాజువల్ లీవులు, 7 స్పెషల్ క్యాజువల్ లీవులు, మొత్తం 22. మహిళా ఉపాధ్యాయులకు ఇంకో 5 అదనం. ఇద్దరూ తలా 22 వాడుకుంటే 44 రోజులు బడి ఒక్కరి మీదే నడుస్తుంది. పనిదినాలు 220 అనుకుంటే అయిదింట ఒక వంతు. శిక్షణలు, సమావేశాలు, ఎన్నికల పనులు ఈ లెక్కలోకి రానేలేదు. సెలవు వాడుకోవడం ఎవరి తప్పూ కాదు, అది హక్కు. ఇన్ని రోజులు పోతాయని ముందే తెలిసి కూడా బదులు మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పు.

విద్యాహక్కు చట్టంలో దీని గురించి ఏమైనా ఉందా?

బదులు టీచరు అనే మాట నేరుగా లేదు. కానీ పనికొచ్చే సెక్షన్లు కొన్ని ఉన్నాయి. షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు జరగాలి. సెక్షన్ 26 ప్రకారం ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. ఒక బడికి వేసిన టీచరును ఇంకో బడికో ఆఫీసుకో పంపి సొంత బడిలో పిల్లలు-టీచర్ల నిష్పత్తి దెబ్బతీయకూడదని సెక్షన్ 25 అంటుంది. మనం రోజూ చేసే వర్క్ అడ్జస్ట్‌మెంట్ (ఒక బడి టీచరును ఇంకో బడికి సర్దడం) ఈ సెక్షన్‌కు ఎంత దగ్గరగా, ఎంత దూరంగా ఉందో మీరే చూసుకోవచ్చు.

డీఎడ్ (ప్రాథమిక టీచరు శిక్షణ) చేసి టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాసై ఖాళీగా ఉన్నవాళ్లు ఊరికి నలుగురున్నారు. అర్హులు దొరకరంటే నమ్మేదెలా?

అర్హులు ఉన్నారు. వాళ్లు వచ్చేలా పని లేదు. 2010లో ఎన్‌సీటీఈ (టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ) పెట్టిన అర్హతలు తెలిసినవే: ఇంటర్, రెండేళ్ల డీఎల్‌ఎడ్ (డీఎడ్‌కు ఇప్పటి పేరు), టెట్ మొదటి పేపరు. ఇవన్నీ ఉన్న మనిషి డీఎస్సీకి చదువుకుంటూ ఉంటారు. ఆంధ్రాలో 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ వచ్చింది 2025లో, 16,347 పోస్టులతో. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులతో. ఏడేళ్లకోసారి వచ్చే పరీక్షను పక్కన పెట్టి, మూడు నెలల లీవ్ వేకెన్సీ (సెలవు వల్ల వచ్చే తాత్కాలిక ఖాళీ) కోసం పుస్తకాలు మూసేసేవారు తక్కువ.

పైగా తాత్కాలికంగా చేరితే గౌరవ వేతనం నెలనెలా రాదు, రెండు మూడు నెలలవి కలిపి పడతాయి. ఏప్రిల్‌తో పని ఆగిపోతుంది. జూన్‌లో మళ్లీ తీసుకుంటారో లేదో తెలియదు, తీసుకున్నా ఉత్తర్వు రావడానికి దసరా దాటుతుంది. బస్సు లేని ఊరైతే పెట్రోలు ఖర్చే జీతంలో పెద్ద ముక్క. ఇంత చేసినా డీఎస్సీ మార్కుల్లో ఆ అనుభవానికి విలువ లేదు. అక్కడ లెక్కకొచ్చేవి రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం, అంతే. తెలంగాణలో విద్యా వాలంటీర్లు, ఆంధ్రాలో అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు అని పేరేదైనా పద్ధతి ఒక్కటే. పైగా వీళ్లను ఖాళీ పోస్టుల కోసం తీసుకుంటారు తప్ప రోజువారీ సెలవుల కోసం కాదు.

బీఎడ్ చేసినవారిని పెట్టుకోవచ్చా?

ప్రాథమిక తరగతులకు కుదరదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ తలుపు మూసుకుంది. ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చక్కగా చెప్పగలిగిన మనిషి ఒకటో తరగతి పిల్లాడికి ‘క’ గుణింతం నేర్పగలరని హామీ లేదు. బదులు టీచరుకు అర్హత ఎందుకంటూ విసుక్కునేవారికి కూడా ఇదే జవాబు.

రేపు సెలవు కావాలి. ఏ క్రమంలో చెప్పాలి?

ముందు రోజే తెలిస్తే సాయంత్రంలోగా చెప్పండి. ఇద్దరు, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న బడిలో సీఎల్ (క్యాజువల్ లీవు)ను హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) మంజూరు చేస్తారు. ఒక్కరే ఉన్న బడిలోనూ, హెచ్‌ఎం తానే సెలవు పెట్టినప్పుడూ ఎంఈఓకు (మండల విద్యాధికారికి) చెప్పాలి. స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బళ్ల సముదాయం) హెచ్‌ఎంకూ, ఆ సముదాయానికి సాయంగా ఉండే సీఆర్‌పీకీ అదే ఫోనులో చెప్పేయడం మంచిది, ఎందుకంటే మనిషిని వెతికేది వాళ్లే. యాప్‌లో సెలవు నమోదు చేసి ఊరుకుంటే చాలదు. యాప్ మీ సెలవును లెక్కేసుకుంటుంది గానీ బదులు మనిషిని పంపదు. చాలా బళ్లు ఆ రోజు మూతపడేది ఇక్కడే: సెలవు మంజూరైంది, కానీ బడికి ఎవరు వెళ్లాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారుజామున ఒంట్లో బాగాలేకపోతే ఏడున్నరలోపు ఫోను చేయండి. ఎనిమిదిన్నరకు చేస్తే పక్క బడి టీచరు అప్పటికే తన బడి దారిలో ఉంటారు. తాళంచెవి సంగతి మరవద్దు. రెండో తాళంచెవి మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ దగ్గరో, బడి పక్క ఇంట్లోనో ఎప్పుడూ ఉండాలి. వచ్చిన టీచరు పదిన్నరదాకా వరండాలో నిలబడ్డ సందర్భాలు ప్రతి మండలంలోనూ ఉంటాయి.

పక్క బడి నుంచి ఎవరిని పంపాలో ఎలా నిర్ణయించాలి?

అక్కడ ఎందరు టీచర్లున్నారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఇద్దరే ఉన్న బడి నుంచి ఒకరిని తీయకండి, రెండు బళ్లూ చెడతాయి. ముగ్గురు, నలుగురు ఉన్న బడి నుంచే తీయాలి. ప్రతిసారీ ఒకరినే పంపకూడదు. కొత్తగా చేరినవారు కాదనలేరు కాబట్టి వాళ్లనే పంపడం మండలాల్లో అలవాటు. ఏడాది తిరిగేసరికి వాళ్ల సొంత తరగతి వెనకబడిపోతుంది. కాంప్లెక్స్‌లో వంతుల పట్టిక ఒకటి జూన్‌లోనే రాసుకుని, ఎవరెప్పుడు వెళ్లారో అందులో నోట్ చేస్తే గొడవ సగం తగ్గుతుంది.

కొద్దిరోజులకైతే మండలం లోపల ఎంఈఓ సర్దుతారు. మండలం దాటాలన్నా, నెలల తరబడి అన్నా డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఉత్తర్వు కావాలి. ఉత్తర్వులో ‘తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు’ అని రాయించుకోకండి, తేదీ వేయించుకోండి. ఆ మాటతో వెళ్లినవారు మూడేళ్లయినా వెనక్కి రాని బళ్లున్నాయి. సెలవు పెట్టిన టీచరు ఎప్పుడో తిరిగొచ్చారు, పంపిన బడిలో మాత్రం ఆ కుర్చీ ఇంకా ఖాళీ. ఇంకో సంగతి: ముఖ గుర్తింపు హాజరు యాప్‌లో బడి మార్పు నమోదు కాకపోతే వచ్చిన టీచరుకు ఆ రోజు గైర్హాజరు పడుతుంది. ఉత్తర్వు రాగానే ఎంఈఓ ఆఫీసులో అది మార్పించుకోవాలి.

ఒక్కరోజు కోసం వెళ్తున్నాను. అయిదు తరగతులు, 38 మంది పిల్లలు. ఏం చేయాలి?

కొత్త పాఠం మొదలుపెట్టకండి. ఆ పాఠం మీరు పూర్తిచేయలేరు, మర్నాడు వచ్చే టీచరు మళ్లీ మొదటికి వెళ్లాలి.

ఇలాంటి రోజుల్లో ఎక్కువమంది చేసే పని: ఒక తరగతికి పాఠం చెబుతూ మిగతా నాలుగింటికి చూచిరాత ఇవ్వడం. ఇరవై నిమిషాలకు రాత అయిపోతుంది, ఆ తర్వాత పెన్సిలు కోసం కొట్లాట మొదలవుతుంది. అయిదో తరగతి పిల్లను లీడరుగా నిలబెడితే పది నిమిషాలు పనిచేస్తుంది, గంట పనిచేయదు.

తరగతుల్ని పక్కన పెట్టి స్థాయినిబట్టి కూర్చోబెట్టండి. హాజరు, భోజనం లెక్క అయ్యాక మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల చేత తలా రెండు వాక్యాలు చదివించండి. పావుగంట, ఇరవై నిమిషాల పని. అక్షరాలు, గుణింతాల దగ్గరున్నవారు ఒక గుంపు, వీళ్లలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు కలుస్తారు. సరళ పదాలు చదువుతూ వత్తుల దగ్గర ఆగిపోయేవారు రెండో గుంపు. పేరా చదవగలిగేవారు మూడో గుంపు. అయిదో తరగతి పిల్లాడు మొదటి గుంపులో తేలితే ఆశ్చర్యపోకండి, మాట అనకండి. ఒక్కో గుంపుతో పాతిక నిమిషాలు మీరు కూర్చోండి. మీరు లేని గుంపుకు చేతిలో పని ఉండాలి: అక్షరాల కార్డులు, పదాలు జతచేయడం, చదివిన పేరాకు మూడు ప్రశ్నలు తామే తయారుచేయడం.

గణితానికీ ఇదే పద్ధతి. పలక మీద 52లోంచి 27 తీసేయమనండి. 35 అని రాసే పిల్లలు తప్పకుండా ఉంటారు. ఏడులోంచి రెండు తీసి అయిదు, అయిదులోంచి రెండు తీసి మూడు: పెద్ద అంకెలోంచి చిన్నది తీయడమే వాళ్లకు తెలిసిన తీసివేత. పైన ఏది, కింద ఏది అని చూడరు. మళ్లీ చెయ్యి అంటే మళ్లీ 35 వస్తుంది. చీపురుపుల్లలు పదేసి చొప్పున అయిదు కట్టలు కట్టి, రెండు విడిగా పెట్టండి. ఏడు ఇమ్మని అడగండి. రెండే ఉన్నాయని వాళ్లే చెబుతారు. ‘మరి ఎట్లా?’ అంటే ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. ఆ కట్ట విప్పిన క్షణం దాకా తీసుకొస్తే చాలు, ఆ రోజు మీ వంతు అయినట్టే.

మధ్యాహ్నం రెండు దాటాక ఒకటో తరగతి పిల్లలు తూగుతారు. బొమ్మలు, పాట, వరండాలో ఆట. పెద్దవాళ్లకు పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు పేజీ, ఎదురుగా ఉన్న తెలుగు పేజీ పక్కపక్కన పెట్టి ఒకే అర్థమిచ్చే మాటలు వెతికించండి. రెండు రాష్ట్రాల ద్విభాషా పుస్తకాలూ బదులు టీచరుకు దొరికిన వరం లాంటివి, వాడేవాళ్లు తక్కువ.

ఇదంతా కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం దశాబ్దాలుగా ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలనూ కార్డులతో, నిచ్చెన మెట్ల పద్ధతిలో చదివిస్తోంది. అక్కడ పిల్లాడు తన మెట్టు తానే చూసుకుని కార్డు తీసుకుంటాడు. టీచరు మారిన రోజున కూడా పని ఎక్కడుందో పిల్లాడికి తెలుసు. బదులు టీచరు ఉన్నా లేకపోయినా నడిచే బడి అంటే అలాంటిది.

సెలవు పెట్టే టీచరు ఏం రాసిపెట్టాలి?

ఒక 100 పేజీల నోటుపుస్తకం పెట్టి దాన్ని టేబుల్ సొరుగులో ఉంచండి, ఇంటికి పట్టుకెళ్లకండి. అందులో మొదటి రెండు పేజీలు మారనివి: హాజరు పట్టీలు ఎక్కడుంటాయి, బియ్యం ఏ గదిలో, వంటమనిషి, సీఆర్‌పీ, దగ్గరి ఆశా కార్యకర్త ఫోను నంబర్లు, మూర్ఛ వచ్చే పిల్లలుంటే ఏం చేయాలి, బడి అయ్యాక ఏ పిల్లల్ని ఎవరు ఇంటికి తీసుకెళ్తారు. ఇవి రాయకపోతే వచ్చిన టీచరుకు మొదటి గంట అంతా ‘మీ సారు ఎక్కడ పెడతారు?’ అని పిల్లల్ని అడగడంతోనే పోతుంది.

మిగతా పేజీల్లో వారానికోసారి తరగతికి మూడు వరుసలు చాలు. ‘మూడో తరగతి, గణితం, తీసివేత’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘మూడో తరగతి, రెండంకెల తీసివేత, కట్ట విప్పే లెక్కల దగ్గర ఏడుగురు ఆగారు’ అని రాస్తే వచ్చిన మనిషి నేరుగా ఆ ఏడుగురి దగ్గర కూర్చుంటారు. ఆ రోజు గుడ్డు ఉందో లేదో, ఎన్ని మిగిలాయో కూడా రాయండి. భోజనం లెక్కలో తేడా వస్తే ఆ తలనొప్పి బదులు టీచరు మెడకు చుట్టుకుంటుంది. అలా ఒకసారి జరిగితే మళ్లీ ఆ బడికి రమ్మన్నా ఎవరూ రారు.

ప్రసూతి సెలవు 180 రోజులు. అన్నాళ్లూ సర్దుబాటుతో నడుస్తుందా?

నడిపిస్తున్నారు, కానీ నడవదు. జూలైలో మొదలైతే సంక్రాంతి దాకా ఆ తరగతికి మనిషి లేనట్టే. ఆ తర్వాత శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు: ఆంధ్రాలో ఉద్యోగకాలం మొత్తానికి 180 రోజులు, తెలంగాణలో 90. ఇది అకస్మాత్తుగా వచ్చిపడే సెలవు కాదు, కనీసం నాలుగు నెలల ముందు తెలిసేదే. అయినా సెలవు మొదలయ్యాకే ఫైలు కదులుతుంది. గర్భం అయిదో నెలలోనే హెచ్‌ఎం ఎంఈఓకు లేఖ ఇవ్వాలి: సెలవు ఏ తేదీ నుంచి, ఏ తరగతులు, ఎందరు పిల్లలు, బడిలో మిగిలేదెవరు. మంజూరు ఉత్తర్వుతోపాటే బదులు ఉత్తర్వూ రావాలని అందులో అడగండి. వారానికొకరు చొప్పున నలుగురిని మార్చి పంపే పద్ధతికి మాత్రం ఒప్పుకోవద్దు. ఒకటో తరగతి పిల్లాడికి నెలలో నలుగురు టీచర్లంటే ఎవరూ లేనట్టే.

ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయి ఉంది. నెలకింత ఇచ్చి నా బదులు పెట్టుకోవచ్చా?

వద్దు. మీ హాజరు మీరే వేసుకుని తరగతిలో ఇంకొకరిని నిలబెడితే అది బినామీ బోధన. సస్పెన్షన్ దాకా పోతుంది, పోవాలి కూడా. మీరు సెలవులో ఉన్న రోజున గ్రామస్థులో బడి కమిటీవాళ్లో ఒక పెద్దమనిషిని పిల్లల దగ్గర కూర్చోబెట్టడం వేరు. అది కాపలా, చదువు కాదు. ఒక పూటకు ఫర్వాలేదు, ఎంఈఓకు తెలిసి జరగాలి. దాన్ని ‘తరగతి జరిగింది’ అని రికార్డులో రాయకూడదు. అంగన్‌వాడీ టీచరుకు అప్పగించడమూ తగదు, ఆమెకు ఆమె పిల్లలున్నారు.

ఏజెన్సీ ప్రాంతాల్లో ఎందుకింత కష్టం?

దూరం ఒక కారణం. వాగు పొంగితే పక్క బడి టీచరు కూడా రాలేరు, మండల కేంద్రం నుంచి సీఆర్‌పీ అసలే రాలేరు. రెండోది భాష. సవర, కువి, కోయ ఇంట్లో మాట్లాడే ఒకటో తరగతి పిల్లలకు తెలుగు మాత్రమే వచ్చిన బదులు టీచరు చెప్పేది సగం అందదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ భాష తెలిసినవారు టీచర్లుగా వచ్చే దారి ఆ మేరకు ఇరుకైంది. ఇక్కడ మండలం మొత్తానికి ఒక జాబితా పెట్టుకోవడం వల్ల లాభం లేదు. నడిచి చేరగలిగే మూడు నాలుగు బళ్లను ఒక జట్టుగా చేసి, ఆ జట్టుకు ఆ భాష వచ్చిన ఒకరిని అదనంగా వేయాలి.

ఎన్నికలు, జనగణన పనులకు రమ్మంటే వెళ్లక తప్పదా?

జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు సెక్షన్ 27 ఒప్పుకుంటుంది. అయితే ఎన్నికల పనులను సెలవు రోజుల్లో, బోధన లేని సమయంలో చేయించాలని 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బీఎల్‌ఓ (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) పనికి బడివేళల్లో రమ్మంటే ఈ తీర్పును ప్రస్తావిస్తూ లిఖితపూర్వకంగా అడగొచ్చు. ఏకోపాధ్యాయ బడి టీచరుకు బీఎల్‌ఓ పని వేయవద్దని ఎంఈఓ ద్వారా తహసీల్దారుకు ముందే లేఖ పెట్టించడం ఇంకా మేలు. జాబితా తయారయ్యాక పేరు తీయించడం కష్టం. ఈ మూడూ కాని సర్వేలకు చట్టం మద్దతు లేదు.

తల్లిదండ్రులుగా మేము ఏం చేయగలం?

ముందు లెక్క రాయండి. టీచరు లేని తేదీలు, ఆ రోజు ఎవరు వచ్చారు, బడి తెరిచారా లేదా, ఇంతే. నెల లెక్క చేతిలో ఉంటే మాటకు బరువుంటుంది. టీచరు మీద కాదు, బదులు పంపనందుకు ఫిర్యాదు అని మొదటి వాక్యంలోనే రాయండి. లేకపోతే అది మనుషుల గొడవగా మారి, టీచరుకు మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారు, బదులు మనిషి మాత్రం రారు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి తీర్మానం చేసే బలం మీ చేతిలోనే ఉంది. తీర్మానం నకలుతో ఎంఈఓకు, తర్వాత డీఈఓకు ఇచ్చి రసీదు తీసుకోండి. సెక్షన్ 32 కింద స్థానిక ప్రాధికార సంస్థకు రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి.

సెలవుల్లో బదులు పంపడానికి ఎందరు రిజర్వ్ టీచర్లుంటే సరిపోతుంది?

లెక్క కష్టమేమీ కాదు. కాంప్లెక్స్‌లో 20 మంది టీచర్లుంటే ఏడాదికి 22 చొప్పున 440 సెలవు రోజులు. అందులో సగమే వాడారనుకుంటే 220, అంటే సరిగ్గా ఒక మనిషి ఏడాది పని. కాబట్టి 20 మందికి ఒకరు కనీసం. ప్రసూతి సెలవులూ శిక్షణలూ కలిపితే ఇద్దరు. అర్హత ఉండి, పూర్తి జీతం మీద, ఏ బడికీ చెందకుండా కాంప్లెక్స్‌కే చెందాలి. సెలవులు లేని రోజున వాళ్లు ఊరికే కూర్చోరు, చదవడంలో వెనకబడ్డ పిల్లలున్న బడికి వెళ్తారు. ఆంధ్రాలో సీఆర్‌ఎంటీలు (సీఆర్‌పీలకు అక్కడి పేరు) చేయాల్సిన పని కూడా ఇలాంటిదే, కానీ వాళ్ల రోజులు నివేదికలకూ యాప్ నమోదులకూ పోతున్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ఏటా ఇంటర్వ్యూలు పెట్టి కాంట్రాక్టు టీచర్ల ప్యానెల్ ముందే తయారుచేసుకుంటారు, అవసరం పడగానే పిలుస్తారు. మండలానికి అలాంటి ప్యానెల్ వేయాలన్నా ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకుని, జూన్ 12కి బళ్లు తెరిచేలోగా పేర్లు చేతిలో ఉండాలి. జూలైలో మొదలుపెడితే ఆ ఏడాదికి అందదు.